రెండొందల ఏడో దోషం

మెట్టకెక్కిన 31వ ఏడు. ఫిబ్రవరి 4, బుధవారం.

పొద్దున తొమ్మిది దాకా మంచు. తర్వాత ఎండ. సూర్యపలకలు నలభై ఎనిమిదీ తుడిచాను. పదిహేడోదాని మీద కాకిరెట్ట గట్టిపడితే బూడిద వేసి తడిగుడ్డతో రుద్దాల్సి వచ్చింది. ఆట రెండింటికి మొదలుపెట్టాను. మబ్బు పట్టలేదు కాబట్టి మధ్యలో కరెంటు పోలేదు.

హాజరు: అరవై ఒకటిన్నర.

బొమ్మ ఆగిన చోట్లు: నాలుగు. పోయిన ఆదివారం మూడే.

మెట్ట కమిటీలో మనుషులు మారారు. హాజరులో ఈ అర ఏమిటని కొత్తవాళ్ళు అడుగుతారు కాబట్టి రాసి ఉంచుతున్నాను. ఆ అర పోలమ్మప్ప. అక్కని మా వైపు అప్పా అంటాం, ఆమె నాకు ఆ వరస. ఆట మొదలైన గంటకు వచ్చి గుమ్మం పక్క గోడకు ఆనుకుని నిలబడుతుంది. ఇంటర్వెల్ దగ్గర సోడా అమ్మే మనిషి కేక వినబడుతుంది. ఎనిమిది సెకన్లు. అది విని వెళ్ళిపోతుంది. ఆ కేక ఆమె భర్త సూరప్పడిది. కింద సింగరేవు మునిగిన రోజున సూరప్పడు పైకి రాలేకపోయాడు. ఆయన ఫోటో ఒకటి ఆమె దగ్గర ఉంది. గొంతు మాత్రం మా బొమ్మలోనే ఉంది.

పూర్తి మనిషిగా రాస్తే అబద్ధం. అసలు రాయకపోతే అంతకన్నా పెద్ద అబద్ధం. అందుకని అర.

ఆమె వెళ్ళేటప్పుడు బొమ్మ ఆడించే నా గది మెట్టు మీద గిన్నెడు వేపిన శనగలు పెట్టి వెళ్తుంది. మర్నాడు గిన్నె కడిగి ఇచ్చి వస్తాను.

ఫిబ్రవరి 8, ఆదివారం.

ఎండ. పలకలు నలభై ఎనిమిది. వరండాలో నీళ్ళ కుండలు రెండూ నింపాను. హాజరు: యాభై ఎనిమిదిన్నర. ఆగినవి: ఆరు.

రేకు పాడవుతోంది. బొమ్మ ఉన్న రేకు అరచేయంత గుండ్రటిది. ముప్పై ఏళ్ళుగా వారానికి రెండు ఆటలు తిరిగింది. దాని ముఖం మీద గీతలు వేలికి తగులుతున్నాయి. ఈ యంత్రం పని నాకెవరూ నేర్పలేదు. విప్పి, బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాను. రేకును బాగుచేయడం మాత్రం విప్పి నేర్చుకునే పని కాదు.

మెట్ట మీద ఉన్నది ఈ ఒక్క బొమ్మే. దాని పేరేమిటో మాకు తెలియదు. సింగరేవు హాల్లో ఎవరో ఆలస్యంగా వచ్చి కూర్చుని ఫోనుతో దొంగచాటుగా తీసింది కాబట్టి పేర్లు పడే భాగం లేదు. తెర కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. కుడివైపు కింది మూలలో, ముందు వరసలో కూర్చున్న మనిషి తల అడ్డం. పిల్లలు ఆ తలను తలకాయ మామ అంటారు. ఆ రోజు హాల్లో ఉన్న జనం ఈలలు, నవ్వులు, తిట్లు, ఒక చంటిబిడ్డ ఏడుపు, అన్నీ బొమ్మతోపాటు పడ్డాయి. మెట్ట మీద పుట్టినవాళ్ళు అవి కూడా కథలోవే అనుకుని పెరిగారు. హీరో తల్లి చనిపోయినప్పుడు వెనకెక్కడో ఒకావిడ "ఓలమ్మో, ఇప్పుడెలగే నాయనా" అంటుంది. మా ఊళ్ళో ఏ ఇంట్లో చావు జరిగినా మొదట పలకరించడానికి వెళ్ళిన ఆడమనిషి ఆ మాటే అంటుంది. ఇంకో మాట అంటే మనసులేని పలకరింపు అంటారు.

ఆ రేకు నాకు ముంపులో దొరికిందని అప్పట్లో చెప్పాను. ఈ పుస్తకం మొదటి పేజీలోనూ అలాగే ఉంది.

ఆట అయ్యాక కుర్చీలు సర్దడానికి దాలినాయుడు ఉండిపోయాడు. పలకలు మోసే పని అతనిది, ముప్పై ఏళ్ళుంటాయి.

"గవరయ్య బావా, ఇంటికాడ నా అద్దంలో నానే హీరోని, నానే పాట పాడతాను. ఇక్కడికొచ్చి తలకాయ మామ ఎనకాల కూకోమంటావేటి?" అన్నాడు.

"మరెందుకొచ్చినావు?"

"అద్దంలో నా జోకుకి నాను తప్ప ఎవులూ నవ్వరు."

పోయినేడు కొండ మీద సమాచార స్తంభం నిలబెట్టాక ఇంటింటికీ అద్దాలు వచ్చాయి. ఎవరు చూస్తే వాళ్ళ ముఖంతో, వాళ్ళకు నచ్చిన ముగింపుతో అప్పటికప్పుడు బొమ్మ అల్లి చూపిస్తుంది అద్దం. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు బొమ్మలు చూసి పడుకుంటున్నారు. స్తంభం రాకముందు ఏ ఆటకీ హాజరు రెండొందలకు తగ్గేది కాదు.

ఫిబ్రవరి 12, గురువారం.

పల్చటి మబ్బు. ఆట లేని రోజు. పలకలు సగమే తుడిచాను, పెళ్ళికి వెళ్ళాలి.

పెళ్ళికూతురు కిందనున్న పట్నం పిల్ల. బండి దిగి గుమ్మం ముందు నిలబడింది. మా ఆచారం ప్రకారం ఊరి పెద్ద ముందుకొచ్చి రెండుసార్లు దగ్గాడు. పెళ్ళికూతురి తండ్రి కంగారుపడి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "వొద్దు బాబూ, ఇది దగ్గు కాదు" అన్నాడు పెద్ద. "మరేమిటండీ?" అని ఆయన అడిగితే ఎవరికీ చెప్పడం రాలేదు. "ఇలగ దగ్గితేనే పిల్ల లోపలికొస్తాది" అంది వరుడి మేనత్త. పట్నంవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. చివరికి ఆయనా మర్యాద కోసం రెండుసార్లు దగ్గాడు. పిల్ల లోపలికి వచ్చింది.

బొమ్మలో హీరోయిన్ పడవ దిగే చోట హాల్లో ఒకడు రెండుసార్లు దగ్గుతాడు. మా ఆచారం అక్కడిది.

ఎవరు ఎక్కడ అలా దగ్గినా నేను నేల చూస్తాను. ఇవాళా అంతే.

ఫిబ్రవరి 15, ఆదివారం.

ఎండ, గాలి. పలకలు నలభై ఎనిమిది. హాజరు: అరవై మూడున్నర. ఆగినవి: తొమ్మిది.

తొమ్మిదిలో ఒకటి ఇంటర్వెల్ దగ్గర. "సోడా సోడా సోడా... గోళీ సో" దాకా వచ్చి బొమ్మ ఆగిపోయింది. గది కిటికీలోంచి చూశాను. పోలమ్మప్ప గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే నిలబడి ఉంది. మూత తీసి, రేకు ముఖం గుడ్డతో ఒత్తి మళ్ళీ పెట్టాను. అయినా "గోళీ సో" దగ్గరే ఆగింది. మూడోసారి మిగతాది దాటుకుని రెండో సగంలో పడింది.

ఆమె ఇంకొంచెంసేపు నిలబడి వెళ్ళింది. మెట్టు మీద శనగలు ఉన్నాయి.

ఫిబ్రవరి 17, మంగళవారం.

ఎండ. గది ఊడ్చాను. యంత్రానికి నూనె వేశాను.

దాలినాయుడిని వాళ్ళ అద్దం పట్టుకు రమ్మన్నాను. ఆ ఎనిమిది సెకన్లను అందులోకి పట్టి ఉంచాలని ఆలోచన. యంత్రాన్ని చాలా నెమ్మదిగా తిప్పితే పదకొండోసారి కేక మొత్తం ఆగకుండా వచ్చింది. అద్దం పట్టింది. తిరిగి పెట్టి విన్నాం.

తెర మీద వాయించే సంగీతం శుభ్రంగా వచ్చింది. కేక లేదు. ఈలలు లేవు. హాలే లేదు.

అద్దం ఏది పట్టినా ముందు రొద తీసేసి పట్టుకుంటుంది. అలా పట్టొద్దని చెప్పే మీట దానికి లేదు. వెనక మూత విప్పి గంటసేపు చూశాను. లోపల విప్పదగ్గదేమీ లేదు.

"మనిషి గొంతని దానికి తెలీదేటి బావా?" అన్నాడు దాలినాయుడు.

"తెల్సు. బొమ్మలో మనిషి కాదనుకుంటాది."

దాలినాయుడు అద్దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 20, శుక్రవారం.

మబ్బు. కింద పట్నంలో ఉన్న చిత్రశాలకు స్తంభం ద్వారా రాశాను. పాత బొమ్మలను బాగుచేసేది వాళ్ళు. సాయంత్రానికే జవాబు వచ్చింది. మనిషిని పంపుతామన్నారు. రేకులో ఉన్న శబ్ద, దృశ్య దోషాలన్నీ తొలగించి కొత్తది ఇస్తామన్నారు. దోషాలంటే ఏవని అడుగుతూ మళ్ళీ రాశాను. దానికి జవాబు రాలేదు.

మార్చి 1, ఆదివారం.

ఎండ. పలకలు నలభై ఎనిమిది. హాజరు: అరవై ఏడున్నర. ఆగినవి: పద్నాలుగు. సోడా కేక ఒక్క ముక్క కూడా రాలేదు. పోలమ్మప్ప వచ్చింది.

అరవై ఏడులో ఒకరు చిత్రశాల నుంచి వచ్చిన అమ్మాయి. పేరు ఇందీవర. ఇరవై అయిదేళ్ళుంటాయి. నలుగురితో కూర్చుని బొమ్మ చూడటం ఇదే మొదటిసారి అంది. మూడో వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాస్యగాడు నూతిలో పడ్డప్పుడు హాలంతా నవ్వి ఆగిపోయాక, ఒక్కతే నవ్వింది. చేత్తో నోరు మూసుకుని అటూ ఇటూ చూసింది. పక్కనున్న ముసలావిడ ఆమె మోకాలి మీద తట్టింది.

ఆట అయ్యాక గదిలోకి వచ్చి రేకును చూసింది.

"ఇంకో అయిదారు ఆటలండీ, గవరయ్యగారూ. తర్వాత ఇది తిరగదు."

"బాగుసేస్తే?"

"కథ మొత్తం వస్తుంది. ఈ బొమ్మవే కొన్ని ముక్కలు మా దగ్గర వేరేచోట్ల దొరికినవి ఉన్నాయి. వాటినీ దీన్నీ కలిపి మా యంత్రం కొత్తగా అల్లుతుంది. కానీ దీన్ని చదవడంలోనే రేకు విరిగిపోతుంది. ఒక్కసారే చదవగలం."

"జనం?"

ఆమె రేకును బల్ల మీద పెట్టింది. "మా యంత్రానికి కథ తెలుసండీ. జనం తెలీదు. ఎంత చెప్పినా తీసేస్తుంది. నేనూ అడిగి చూశాను, మీ ఉత్తరం చదివాక."

మార్చి 2, సోమవారం.

ఎండ. గిన్నె కడిగాను.

పొద్దున్నే కమిటీ కూర్చుంది. రేకును ఇవ్వకపోతే నెలలో బొమ్మే ఉండదు. ఇస్తే బొమ్మ ఉంటుంది, సూరప్పడు ఉండడు. అరిగిపోయేదాకా వాడుకుందామని సగంమంది, పిల్లలకు బొమ్మ మిగలాలని సగంమంది. చివరికి పోలమ్మ ఏమంటే అదే అన్నారు. అడిగి రమ్మని నన్ను పంపారు.

ముప్పై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. అది చెప్పకుండా ఆమెను అడగడం న్యాయం కాదనిపించింది. చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను.

ఆ బొమ్మ తీసింది నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా అమ్మకు కాలు విరిగి మంచంలో ఉంది. ఊరంతా చూసిన బొమ్మ తానొక్కతే చూడలేదని రోజూ అనేది. పై వరసలో కూర్చుని, చొక్కా జేబులో ఫోను పెట్టి తీశాను. హీరోయిన్ పడవ దిగుతుంటే ఫోను కుయ్యిమంది. అది కప్పడానికి దగ్గాను. చాలదనిపించి ఇంకోసారి దగ్గాను. ఇంటర్వెల్లో మేనేజరు టార్చి పట్టుకుని వరసలు చూస్తూ వచ్చాడు. అప్పుడే సూరప్పడు సోడా బుట్టతో వచ్చి సరిగ్గా నా ముందు అడ్డంగా నిలబడ్డాడు. నా జేబు వైపు చూశాడు. చూసి, అక్కడే నిలబడి గట్టిగా కేక వేశాడు. మేనేజరు వెళ్ళిపోయాడు. తీసినదాన్ని అమ్మ కోసం ఈ రేకు మీదికి ఎక్కించాను. నన్ను కాపాడటానికే అలా నిలబడ్డాడని ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. రెండేళ్ళకు ముంపులో ఆయన మునిగిపోయాడు. నేను పైకొచ్చాను. జేబులో ఆయన గొంతుతో వచ్చాను.

పోలమ్మప్ప శనగలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"తెల్సు" అంది.

"ఏటి తెల్సు అప్పా?"

"నువ్వు తీసినావని. మావ ఆ రోజే ఇంటికొచ్చి సెప్పినాడు. రంగయ్య కొడుకు గుంటడు జేబులో పెట్టి బొమ్మ తీస్తన్నాడే పోలీ, నాను ఆడి కాడ నిలబడి అరిసినాను, నా గొంతు బొమ్మలో పడిపోనాదని ఎగిరినాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తిన్నేదు."

నాకు అర్థం కాలేదు. అదీ ఆమెకు కనబడింది.

"నిన్ను కాయడానికనుకున్నావేటి? ఓరి పిచ్చి నాయనా. ఆడికి సినిమాల్లో యాక్ట్ సేయాలని ఉండీది. అద్దం ముందు నిలబడి మీసం మెలేసీవోడు. ఎవులిస్తారు సోడా అమ్మీవోడికి ఏషం? నువ్విచ్చినావు." చేటలో ఒక రాయి ఏరి పారేసింది. "మరి శనగలు ఊరికే పెడతన్నాననుకున్నావా ఇన్నాళ్ళూ?"

నేను గుమ్మం చూస్తూ కూర్చున్నాను. వచ్చిన పనేమిటని ఆమే అడిగింది. చెప్పాను.

చాలాసేపు చెరిగింది. చేటలో చెరగడానికి ఏమీ మిగల్లేదు.

"ఇచ్చీ" అంది. "మావ యాక్టరు. యాక్టరున్న బొమ్మ ఆడాల. ఆగిపోనాక అందులో కూకోని ఏటి సేస్తాడు?"

తర్వాత లోపలికి వెళ్ళి, "ఎండెక్కతంది, ఎల్లు" అని అక్కణ్ణుంచే అంది. గిన్నె ఇవ్వడం మరిచిపోయి తిరిగి తెచ్చేశాను.

మార్చి 4, బుధవారం.

ఎండ. పలకలు నలభై ఎనిమిది. రేకును పత్తిలో చుట్టి, తగరపు డబ్బాలో పెట్టి ఇందీవరకు ఇచ్చాను. ఆమె రెండు చేతులతో తీసుకుంది.

ఆట లేదు. అయినా రెండింటికి జనం వచ్చి కూర్చున్నారు. నాలుగున్నరకు లేచి వెళ్ళారు. మధ్యలో ఎవరో పడవ దిగే చోట దగ్గారు. చోటు సరిగ్గా అదే. నేను గడియారం చూశాను.

హాజరు: నలభై. బొమ్మ లేదు.

మార్చి 25, బుధవారం.

పొద్దున చినుకులు, పదకొండుకు తెరిపి. పలకలు నలభై ఎనిమిది, రెండుసార్లు తుడిచాను. హాజరు: నూట పన్నెండున్నర. ఆగినవి: లేవు.

కొత్త రేకు వచ్చింది. ఇందీవరే తెచ్చింది. మొదట పేర్లు పడ్డాయి. బొమ్మకు పేరుంది. ఇక్కడ రాయబుద్ధి కాలేదు. తెర నిటారుగా ఉంది. రంగులు కడిగినట్టున్నాయి. హీరోయిన్ పడవ దిగినప్పుడు ఆమె పాదాలు మొదటిసారి చూశాం. పట్టీలున్నాయి.

మంచి బొమ్మ. కానీ ఎవరూ నవ్వలేదు. హాస్యగాడు నూతిలో పడ్డాడు. అందరూ బొమ్మలో నవ్వు ఎవరో మొదలుపెడతారని చూశారు. ఎవరూ మొదలుపెట్టలేదు. "తలకాయ మామ ఏడీ?" అని ఒక పిల్ల అడిగితే వాళ్ళమ్మ నోరు మూసింది. హీరో తల్లి చనిపోయినప్పుడు ఎంత నిశ్శబ్దమంటే యంత్రంలో పంకా తిరిగే చప్పుడు నాకు వినబడింది.

పోలమ్మప్ప అలవాటు కొద్దీ గంటకు వచ్చింది. ఇంటర్వెల్ పడింది. తెర మీద విశ్రాంతి అని అక్షరాలు, చిన్న సంగీతం. ఎనిమిది సెకన్లు అయ్యాయి. కొంగుతో గోడ మీద తన భుజం ఆనే చోటును ఒకసారి తుడిచి వెళ్ళిపోయింది.

మెట్టు మీద శనగలు ఉన్నాయి. గిన్నె నా దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఈసారి ఆకు పొట్లంలో. తినలేకపోయాను.

ఇందీవర సాయంత్రం గదికి వచ్చింది. సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. "ఇది ఆఫీసు ఫైల్లో ఉండాల్సింది. మీరు లెక్క రాస్తారు కదా, మీకు పనికొస్తుందేమోనని" అంది.

పైన దోషాల పట్టిక అని ఉంది. తీసేసినవన్నీ వరస సంఖ్యతో, గంట, నిమిషం, సెకనుతో రాసి ఉన్నాయి. మొత్తం నాలుగువందల పన్నెండు. నలభై నాలుగో దోషం: దగ్గు, పురుషుడిది, రెండుసార్లు. నూట మూడో దోషం: శిశువు ఏడుపు, పదకొండు సెకన్లు. నూట నాలుగు: ఆ శిశువు తల్లిని ఎవరో కసరడం. రెండొందల ఏడు: పురుషుడి కేక, తినుబండారాలకు సంబంధించినది, ఎనిమిది సెకన్లు.

ముప్పై ఏళ్ళు ఈ పుస్తకంలో ఇంత వివరంగా ఒక్క రోజూ నేను రాయలేదు.

మార్చి 26, గురువారం.

ఎండ. పలకలు ముప్పై. పట్టికను హాలు గోడకు అంటించాను. పక్కన పెన్సిలు దారంతో కట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మొదట చదివింది దాలినాయుడు. వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. తర్వాత పెన్సిలు తీసుకుని అరవై ఒకటి, అంటే హీరో కనబడగానే హాల్లో పడే మొదటి ఈల, పక్కన తన పేరు రాశాడు. "బావా, ఇది నాదే. ఇంకెవులికిచ్చినా ఊరుకోను" అన్నాడు.

మధ్యాహ్నానికి గోడ దగ్గర గుంపు. నూట మూడుకు నెలల బిడ్డ ఉన్న ఒకామె పేరు రాసింది. "సమయానికి ఏడుస్తాదేటి నీ బిడ్డ?" అని అడిగితే, "గిల్లుతాను" అంది. నూట నాలుగు కోసం ముగ్గురు ఆడవాళ్ళు పోటీపడ్డారు. ఊరి పెద్ద నలభై నాలుగు పక్కన సంతకం చేసి ముద్ర కూడా వేశాడు.

మార్చి 28, శనివారం.

ఎండ. పలకలు నలభై ఎనిమిది. పట్టిక చూశాను. ఒక్కటి తప్ప అన్నింటికీ పేర్లు ఉన్నాయి. కొన్నింటికి రెండేసి. నూట ముప్పై ఒకటో దోషం, ఆడమనిషి నవ్వు, ఆలస్యంగా అని ఉన్నదాని పక్కన ఇందీవర రాసుకుంది.

రెండొందల ఏడు పక్కన ఎవరూ రాయలేదు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. పెన్సిలు ముక్కు అరిగిపోతే చెక్కి పెట్టాను. నేనూ రాయలేదు.

మార్చి 29, ఆదివారం.

ఎండ బాగా ఉంది. పలకల సంగతి చివర రాస్తాను, ఇది ముందు రాయాలి.

రెండింటికి హాలు నిండింది. కుర్చీలు చాలక ముందు చాపలు పరిచాం. ముందు వరసలో కుడివైపు చివర ఒకడు బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు. వెనకవాళ్ళు "తల తియ్యరా" అనలేదు. వాడు కూర్చుంది తలకాయ మామ చోట్లో.

పడవ వచ్చింది. పట్టీల కాళ్ళు నేల మీద పడే ముందు ఊరి పెద్ద దగ్గాడు. రెండుసార్లు. నేను నేల చూడలేదు. దాలినాయుడి ఈలకు కిటికీ అద్దం కంపించింది. బిడ్డ గిల్లినా ఏడవకుండా నవ్వింది, కసరాల్సిన ఆమె అయినా కసిరింది, దానికి హాలంతా పడి నవ్వారు. ఆ నవ్వు పట్టికలో లేదు. హాస్యగాడు నూతిలో పడ్డప్పుడు ఇందీవర తన చోట్లో నవ్వాల్సింది, అందరితోపాటే నవ్వేసింది. "తప్పు, తప్పు" అని నాలుక కరుచుకుని మళ్ళీ నవ్వింది.

గంటకు పోలమ్మప్ప వచ్చి గోడకు ఆనుకుంది.

విశ్రాంతి అని పడింది. హాలంతా ఊరుకుంది. ఎవరూ వెనక్కి తిరగలేదు కానీ అందరి మెడలూ ఆమె వైపే ఉన్నట్టు అనిపించింది. ఒకటి, రెండు, మూడు సెకన్లు పోయాయి.

ముప్పై ఏళ్ళలో ఆట నడుస్తుండగా నేను గది దాటి బయటికి రాలేదు. వచ్చాను. హాల్లో ఎప్పుడూ గొంతెత్తలేదు. ఎత్తాను.

"సోడా సోడా సోడా... గోళీ సోడా ఏడేడి పకోడీ..."

గొంతు మధ్యలో చీలింది. చివర ఏమొస్తుందో ముప్పై ఏళ్ళుగా విన్నవాణ్ణి, మరిచిపోయాను. అలాగే నిలబడ్డాను.

"అలగ కాదు" అంది గుమ్మం దగ్గర నుంచి పోలమ్మప్ప.

అందరూ తిరిగారు.

"గోళీ సోడా కాడ ఆగాల. ఆగి, ఊపిరి పీల్చి, అప్పుడు పకోడీ. ఆడు పకోడీకి తొందరపడడు. ఎవులైనా కొంటారేమోనని సూస్తాడు." గోడను వదిలి రెండు అడుగులు లోపలికి వేసింది. కొంగు నడుముకు దోపింది. తల కొంచెం ఎడమకు వంచింది, బుట్ట భుజాన ఉన్నవాడు వంచినట్టు.

వేసింది కేక.

నేను రాయలేను అది. గొంతు ఆమెదే, సన్నటిది. ఆగింది మాత్రం ఆయన ఆగిన చోట. ఊపిరి ఆయన పీల్చిన చోట. మా ఒక్కొక్కరి జేబు వైపూ చూస్తూ ఎవరైనా కొంటారా అని ఆగిన ఆ ఆగడం ఇన్నేళ్ళు విన్నా నాకు వినబడలేదు. ఎనిమిది సెకన్లకు ఎక్కువే అయింది.

"నాకో సోడా" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"నాకు రెండు" అన్నాడు దాలినాయుడు.

"డబ్బులు ముందు" అంది ఆమె.

హాలు నవ్వింది. ఆమె కూడా. చీర చెంగులోంచి శనగల మూట విప్పి వరస వెంట పంచుకుంటూ నడిచింది. నేను వెళ్ళి రెండో సగం మొదలుపెట్టాను. కిటికీలోంచి గుమ్మం చూశాను. గోడ దగ్గర ఎవరూ లేరు. మూడో వరసలో ఇందీవర పక్కన ఖాళీ చేసిన కుర్చీలో పోలమ్మప్ప కూర్చుని ఉంది. రెండో సగం ఆమె ముప్పై ఏళ్ళలో చూడలేదు. హీరో తల్లి చనిపోయినప్పుడు "ఓలమ్మో, ఇప్పుడెలగే నాయనా" అనాల్సిన ఆమె అంది. ఆ వెంటనే పోలమ్మప్ప, "అయ్యో, సచ్చిపోతాదేటి!" అని పైకే అంది.

రేపు పట్టికలో కింద నాలుగువందల పదమూడు అని వేసి అది కూడా రాయాలి.

ఆగినవి: లేవు.

హాజరు: రెండొందల ఆరు. అర లేదు.

పోలమ్మప్ప కింద మెట్ల దగ్గర నిలబడి గిన్నె ఏదని అరుస్తోంది. మార్చి రెండు నుంచీ ఆ గిన్నె నా దగ్గరే ఉంది. ఇచ్చి వచ్చి రాస్తాను. పలకలు